గడ్డపార మెత్తగా దిగిన నేల

పాప నిద్రపోయాక గోడ తుడవడం ఈ మధ్య నాకు రోజువారీ పనుల్లో ఒకటైపోయింది. నాలుగేళ్ళ పిల్లకు ఎంత పెద్ద కాగితం ఇచ్చినా చాలదు, దానికి గోడే కావాలి. మంచం పక్కన, తలుపు వెనక, వంటగట్టు కింద, చెయ్యి అందిన మేరకు ఆకుపచ్చ గీతలు, ఎర్ర సున్నాలు, చేతులు లేని మనుషులు. తడిగుడ్డకు కాస్త పళ్ళ పేస్టు అద్ది రుద్దితే రంగు పోతుంది గాని, దాంతోపాటు సున్నం కూడా కొంచెం లేచి, గీత ఉన్నచోట గీత ఆకారంలోనే మచ్చ మిగులుతుంది. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు పోయిన నెల పైకి వచ్చి, కొడుక్కి పెళ్ళి కుదిరిందని, కొత్త కోడలికి మా వాటా కావాలని, తొందరేమీ లేదు గాని ఇంకో ఇల్లు చూసుకుంటే మంచిదని, ఎంతో మర్యాదగానే చెప్పాడు. చెప్పి వెళ్తూ వెళ్తూ గోడ వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు చూసినప్పటి నుంచి నేను ఇంకా గట్టిగా తుడుస్తున్నాను.

నా ఈడు వాళ్ళకు ఇదంతా విడమరచి చెప్పనక్కర్లేదు. పెళ్ళయి, ఒక బిడ్డ పుట్టి, చేతికొచ్చే జీతం నెలాఖరు దాకా లాక్కుంటూ నడిచే ప్రతి ఇంట్లోనూ అన్నాలు తిని తట్టలు తీసేలోపల వచ్చే మాట ఒకటే. కొనుక్కుందామా, ఇట్లాగే బాడిగకు ఉందామా. మా ఆయన మోటారు సైకిళ్ళ షోరూములో లెక్కలు రాస్తాడు. నేను డిగ్రీ చదివి, బీఎడ్ చేసి, పాప పుట్టేదాకా ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పాను. ఆయనకు అనంతపురం బయట, రోడ్డుకు కాస్త లోపలగా వేసిన వెంచరులో ఒక ప్లాటు నచ్చింది. ఫోనులో దాని బొమ్మ నాకు ఎన్నిసార్లు చూపించాడో. ఆ బొమ్మలో పచ్చిక ఉంది, చెట్ల కింద బెంచీలున్నాయి, ఒక తండ్రి బిడ్డను భుజాన ఎత్తుకుని నవ్వుతున్నాడు. ఆదివారం లోపల అడ్వాన్సు ఇవ్వాలి, లేకపోతే ఇంకొకరికి పోతుంది. నాకు మాత్రం ఆ బొమ్మ చూసినప్పుడల్లా మా నాయన గడ్డపార గుర్తుకొచ్చేది. ఎందుకో చెప్పాలంటే ధర్మవరం దాకా, నా చిన్నప్పటి దాకా వెళ్ళాలి.

మాది పట్టుచీరలు నేసే కుటుంబం. అప్పట్లో ధర్మవరంలో నేతవాళ్ళు బాడిగ ఇల్లు చూడటానికి పోతే గదులెన్ని, కుళాయి వస్తుందా అని ముందు అడగరు. వాకిట్లో నిలబడి అడిగే మొదటి మాట, మగ్గం పడ్తాదా అని. మగ్గానికి పొడవు కావాలి, వెలుతురు కావాలి, అన్నిటికంటే ముందు నేలలో గుంత కావాలి. నేసే మనిషి నేలమీద కూర్చుని, కాళ్ళు ఆ గుంతలోకి వదిలి, లోపలున్న తొక్కుడు చెక్కలను తొక్కుతుంటాడు. గుంత లేని ఇల్లయితే ఓనరును బతిమాలి, నాపబండ ఒకటి లేపి, తవ్వుకోవాలి. ఖాళీ చేసేటప్పుడు ఆ మన్నే నింపి, దిమ్మిసతో కొట్టి, బండ మళ్ళీ పరిచి, అక్కడొక మగ్గం ఉండేదని ఎవరికీ తెలియకుండా చేసి అప్పజెప్పాలి. నాయన ఎన్ని ఇళ్ళలో అట్లా గుంతలు తవ్వి పూడ్చాడో. ఆ ఇళ్ళ వాకిళ్ళు, కిటికీలు నాకిప్పుడు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి గాని గుంతలు మాత్రం విడివిడిగా గుర్తున్నాయి. ఒకటి ఎండాకాలంలో చల్లగా ఉండేది, బడినుంచి రాగానే నాయన పక్కన గట్టుమీద కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడదీసి హోంవర్కు చేసుకునేదాన్ని. ఇంకొకదాంట్లో తేళ్ళు వచ్చేవి, నాయన కాళ్ళు పెట్టేముందు టార్చిలైటు వేసి చూసేవాడు. ఒకదాని గోడకు అమ్మ ఎవరూ చూడకుండా బొగ్గుతో పువ్వు గీసింది. దాన్ని పూడ్చేటప్పుడు నాయన ఒక నిమిషం చూసి మన్ను పోశాడు.

అప్పట్లో మా వీధుల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు గాని అందరూ పాటించేవాళ్ళు. మగ్గం మీద పడుగు ఉండగా ఏ ఓనరూ ఇల్లు ఖాళీ చెయ్యమనడు. పడుగంటే చీర పొడవునా సాగే పట్టు పోగులు. కొన్ని చీరలకు సరిపడా ఒకేసారి మగ్గానికి ఎక్కిస్తారు, ఎక్కించాక అది అయిపోయేదాకా మగ్గాన్ని కదిలించకూడదు. ఓనర్లు కూడా ఒకప్పుడు నేసినవాళ్ళే కాబట్టి ఆ సంగతి తెలుసు. అందుకని పొమ్మని చెప్పేవాళ్ళు కూడా ఫలానా తారీఖు అనరు, ఈ పడుగు అయినాక చూసుకోప్పా అంటారు. నాయన తక్కువవాడు కాదు. పడుగు చివరికి వస్తుండగానే పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు దగ్గరికి పోయి కొత్తది తెచ్చి, పాత పోగుల కొసలకు కొత్తవాటిని ఒక్కొక్కటిగా అతికించేవాడు. పని తెగకుండా సాగుతుంది, ఇల్లూ చేతిలో ఉంటుంది. ఒక ముసలి ఓనరు సాయంత్రంపూట వచ్చి మా అరుగుమీద కూర్చుని, మగ్గం వైపు చూసి, "ఏమప్పా, ఈ చీర ఎప్పుడు అయితాది? నా మనవడు పెండ్లికొడుకు అయ్యేటట్టుండాడే," అనేవాడు. నాయన పోగుల మధ్య నాడె విసరడం ఆపకుండానే, "కానీలే అన్నా, ఆ పెండ్లికి చీర కూడా నేనే నేస్తా," అనేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. అమ్మ మాత్రం లోపల సామాను పూర్తిగా సర్దకుండా, సగం పెట్టెల్లోనే ఉంచేది. నా చిన్నతనమంతా మా ఇంట్లో ఏదో ఒక పెట్టె కట్టు విప్పకుండానే ఉండింది.

ఇట్లా తిరిగి తిరిగి నాయనకు సొంత నేల పిచ్చి పట్టింది. ఊరి బయట సైట్లు అమ్ముతున్నారని తెలిసి, ఆదివారం ఆదివారం సైకిలు వెనక గడ్డపార కట్టుకుని పోయేవాడు, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని. మా వైపు నేల సంగతి మీకు తెలుసు, జానెడు కింద రాయి. ఎక్కడ పొడిచినా గడ్డపార టంగుమని మోగి వెనక్కి వచ్చేది. గుట్ట వైపు సైట్లు కొన్నవాళ్ళు మగ్గం గుంతకే మనుషులను పెట్టి రాయి కొట్టించుకున్నారు. నాయన నేలను చూసే పద్ధతి ఒకటే, గుంత తవ్వను వీలవుతుందా కాదా. రోడ్డు ఎంత దూరం, పక్కన ఎవరున్నారు, రేపు రేటు పెరుగుతుందా అనే ఆలోచనలే లేవు. చివరికి ఒకచోట, కంపచెట్ల మధ్య కాస్త దిగువగా ఉన్న నేలలో, గడ్డపార ఒక్క పోటుకే మెత్తగా దిగిపోయింది. నాయన దాన్ని బయటికి లాగి, మొనకు అంటిన మన్ను వేళ్ళతో తీసి నాకు చూపించాడు. ఒక్క గులకరాయి లేదు. రాగిపిండిలా ఉంది. ఆయన మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా ఎక్కువసార్లు చూడలేదు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒకే ఒక్క మాట అడిగింది. "దిగువన ఉండాది అంటాండావే, వాన పడితే నీళ్ళు యాడికి పోతాయి?" నాయన చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తూ నవ్వాడు. "ఈడ వాన యాడొస్తాది లే," అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది, అది వరసగా వానలు లేని కాలం. వేరుశనగ వేసినవాళ్ళు విత్తనం కూడా తిరిగి చూడలేదు, పల్లెల్లోంచి జనం బెంగళూరుకు కూలికి పోతున్నారు, మా వీధికి నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి. ఆ నేలలో వాన గురించి అడగడమే వెర్రిగా ఉండేది.

కొన్నాడు. కట్టాడు. ముందు మగ్గం గుంత తవ్వి, చుట్టూ నాపబండలు నిలబెట్టి, ఆ తర్వాత దాని చుట్టూ గది లేపాడు. వంటిల్లు చివర్లో, మిగిలిన ఇటుకలతో. ఇల్లు చేరిన రోజు నాయన నాకు సుత్తి ఇచ్చి, నీ ఇష్టం వచ్చినచోట మేకు కొట్టుకో పాపా అన్నాడు. అంతవరకు మేమున్న ఏ ఇంట్లోనూ గోడకు మేకు కొట్టనిచ్చేవాళ్ళు కాదు; క్యాలెండరు కూడా కిటికీ ఊచకు వేలాడేది. నేను అన్నం తినడం మానేసి కొట్టాను, వంకరగా, ఏమీ తగిలించడానికి లేనిచోట కూడా. అమ్మ పెట్టెలన్నీ విప్పింది. అడుగున ఎప్పటివో నా పాత గౌన్లు దొరికితే, ఇవి ఎవరివి అని అడిగాను. ఆ ఇంట్లో మేమున్న రోజులు ఎక్కువ కాదు, కానీ ఇప్పటికీ నాకు కలలో ఇల్లంటే అదే వస్తుంది.

తర్వాత వాన వచ్చింది. ఊరంతా పండగ చేసుకుంది, చెరువు చూడటానికి జనం ఆటోలు కట్టుకుని పోయారు, నాయన కూడా వాకిట్లో తడుస్తూ నిలబడి ఇన్నాళ్ళకు అని సంబరపడ్డాడు. ఆ వాన ఆగలేదు. ఒక పొద్దున లేచేసరికి ఇంట్లో నేల పొడిగానే ఉంది గాని గుంతలో నీళ్ళున్నాయి. బయటినుంచి రాలేదు, అడుగునుంచి ఊరాయి. నాయనా అమ్మా బకెట్లతో తోడారు, తోడినంతసేపు తగ్గి, చెయ్యి ఆపగానే మళ్ళీ వచ్చేవి. మధ్యాహ్నానికి ఆ నీళ్ళకు పైనుంచి వచ్చిన నీళ్ళు తోడయ్యాయి. కంపచెట్ల మధ్యనుంచి ఎర్రగా, తొందరేమీ లేకుండా, దారి తెలిసినట్టు నడుచుకుంటూ వచ్చి, ముందు తలుపులోంచి దూరి వెనక తలుపులోంచి పోయాయి. మగ్గం మీద సగం నేసిన చీర. అంచు ఎరుపు కరిగి లోపలి గంధం రంగులోకి పాకుతుంటే నాయన దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. పడుగు కోస్తే గాని తియ్యలేడు, కోస్తే షావుకారు సొత్తు పాడుచేసినట్టు. అట్లాగే, మోకాలిలోతు నీళ్ళలో, అమ్మ వచ్చి కత్తెర చేతిలో పెట్టేదాకా నిలబడే ఉన్నాడు.

నీళ్ళు తీశాక చూడటానికి ఊళ్ళోవాళ్ళు వచ్చారు. గృహప్రవేశానికి వచ్చి పాయసం తాగి పోయినవాళ్ళే. "అది పాత వంక కదప్పా, తెలీదా నీకు?" అన్నాడొకాయన. మన్ను అంత మెత్తగా ఎందుకుందో నాయనకు అప్పుడు తెలిసింది. ఎన్నో ఏళ్ళ కిందట నీళ్ళు పారి పారి తెచ్చి పరిచిన ఒండ్రు అది. ఎండిపోయిన వంకను వంకని గుర్తుపట్టడానికి మాకెవరికైనా అందులో నీళ్ళు చూసిన అలవాటుంటే కదా. గోడలు నెర్రెలిచ్చాయి, గుంత చెమ్మ ఆరలేదు, చెమ్మ గుంత ఉన్న ఇంటికి షావుకారు పట్టు ఇవ్వనన్నాడు. సొంత ఇంటికి తాళం వేసి మళ్ళీ బాడిగ ఇల్లు వెతుక్కున్నాం. వాకిట్లో నిలబడి, మగ్గం పడ్తాదా అని అడిగినప్పుడు నాయన గొంతు ఎంత చిన్నగా ఉందో నేను పక్కనే ఉండి విన్నాను. తాళం వేసిన మా ఇల్లు తర్వాత కూలిపోయింది. స్థలం ఇంకా నాయన పేరుమీదే ఉంది, కంప మళ్ళీ పెరిగింది. ఆయన ఇప్పటికీ దాన్ని మన ఇల్లు అనే అంటాడు.

అందుకే మా ఆయన ప్లాటు మాట ఎత్తినప్పుడు నేను నాయనను పిలుద్దాం అన్నాను. పోయిన శుక్రవారం పొద్దున బస్సుకు వచ్చాడు, గోనెసంచి చుట్టిన గడ్డపార చేత్తో పట్టుకుని. కండక్టరు దాన్ని చూసి, "ఏం పెద్దాయనా, యాడన్నా కన్నం వేసేకి పోతాండావా?" అని అడిగాడట. "నా కూతురింటికప్పా," అన్నాడట ఈయన. బస్సంతా నవ్విందని చెప్పి మమ్మల్నీ నవ్వించాడు.

వెంచరులో రంగు జెండాలున్నాయి, సున్నం కొట్టిన హద్దురాళ్ళున్నాయి, ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడి ఏజెంటు మా ఆయన ఈడువాడే, మంచి మాటకారి, పాపకు బిస్కెట్లు ఇచ్చాడు, మాకు కూల్‌డ్రింకులు తెప్పించాడు. బొమ్మలోని పచ్చిక గురించి నేనడిగితే, అది వస్తాది మేడమ్ అన్నాడు. నాయన కూల్‌డ్రింకు పక్కన పెట్టి చుట్టూ చూసి, వాన పడితే ఈడి నీళ్ళు యాడికి పోతాయప్పా అని అడిగాడు. ఆ ఏజెంటు పెద్దగా నవ్వాడు.

"ఏం పెద్దాయనా, మన అనంతపురంలో వాన యాడొస్తాది?"

మా ఆయన కూడా నవ్వాడు. నేను నాయన మొహం వైపు చూడకుండా పాప చేతిలోని బిస్కెట్టు వైపు చూశాను. నాయన గోనెసంచి విప్పి, ప్లాటు మధ్యకు నడిచి, గడ్డపార ఎత్తి వేశాడు. ఇప్పుడు చేతుల్లో మునుపటి బలం లేదు. అయినా ఒక్క పోటుకే దిగిపోయింది. "చూస్తిరా అన్నా, పునాది తీసేకి కష్టమే లేదు," అన్నాడు ఏజెంటు సంబరంగా. నాయన దాన్ని లాగలేదు. అట్లాగే నేలలో నిలబెట్టి వదిలేసి, హద్దురాయి మీద కూర్చున్నాడు.

"ఏం మామా, ఎట్లుండాది నేల?" అని మా ఆయన అడిగాడు.

"నన్ను అడగొద్దప్పా," అన్నాడు నాయన. "నాకు మంచిదనిపించిన నేల ఇట్లాంటిదే."

ఆ గడ్డపారను చివరికి మా ఆయనే లాగాడు. నాయన సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. మరునాడు పొద్దున పాపకు టిఫిను డబ్బా కడుతుంటే మా ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి, "మీ నాయనకు అట్లా అయిందని మనం జీవితమంతా బాడిగ ఇంట్లోనే ఉండాల్నా?" అన్నాడు. కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అన్నాడు. ఆయన తండ్రి బస్సు డ్రైవరు, రాయదుర్గం దగ్గర మొదలుపెట్టి డిపో మారినప్పుడల్లా ఇల్లు మారిన మనిషి. "ఈ ఓనరు పొమ్మన్యాడు. ఇంకొకాయన ఇంకోసారి పొమ్మంటాడు. పాపకు ఇది మన ఇల్లు అని ఒకటి చూపించొద్దా?" మెత్తగా ఉన్న ప్రతి నేలా వంక కాదని నాకూ తెలుసు. బళ్ళో పిల్లలకు నేలల గురించి పాఠం చెప్పినదాన్ని. ఆయన చెప్పిందంతా నిజమే అని ఒప్పుకుని, "కానీ ఆ ఇంట్లో ఉంటే మబ్బు పట్టినప్పుడల్లా నేను నేల వైపే చూస్తుంటా," అన్నాను. ఆయన పాప బూట్ల లేసులు కట్టి, షోరూముకు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఫోను చేసి, వద్దని చెప్పినాలే అన్నాడు. అంతే. బొమ్మ మాత్రం ఇంకా ఆయన ఫోనులో ఉంది.

మా ప్లాటు అనే నోటికి వస్తోంది నాకు, దాన్ని ఆదివారానికల్లా ఇంకొకరు తీసుకున్నారట. ఎవరో చిన్న కుటుంబమట, మాకులాగే ఒక్క బిడ్డట.

నేను కిందికి వెళ్ళి ఓనరు భార్యను గడువు అడిగాను. పాపకు పరీక్షలు అయ్యేదాకా ఉండనివ్వమన్నాను. "ఎల్‌కేజీకి పరీక్షలేందిమ్మా," అని ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. మంచి మనిషే. లోపల కొత్త మంచం వచ్చి, పాలిథిన్ కవరు విప్పకుండా గోడకు ఆనించి ఉంది. మెట్లెక్కి వస్తుంటే అరుగుమీద కూర్చునే ఆ ముసలి ఓనరు గుర్తొచ్చాడు. ఆ రోజుల్లో మాకు ఏమీ లేకపోయినా మగ్గం మీద పడుగొకటి ఉండేది. అది మా తరఫున మాట్లాడేది. చేతిలో పని మధ్యలో ఉంది, అది అయినాక పోతామని చెప్పడానికి ఒక కారణం ఉండేది, వినడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు మా ఆయన పని కంప్యూటరులో, నేను నేర్చిన పని పుస్తకాల్లో ఉంటుంది, ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. మధ్యలో ఆగిపోయేది ఏమిటని ఎవరైనా అడిగితే చూపించడానికి గోడమీద ఈ గీతలు తప్ప ఏమున్నాయి? వాటిని నేనే తుడిచేస్తున్నాను.

ఈ సాయంత్రం పడమట మబ్బు పట్టింది. మిద్దెల మీద అందరూ నిలబడి చూశారు, ఎవరో ఈలలు వేశారు. నాయన ధర్మవరం నుంచి ఫోను చేశాడు, మబ్బు పట్టినప్పుడల్లా చేస్తాడు. "ఆడ పడిందా పాపా?" అని అడిగాడు. ఇంకా లేదు నాయనా అన్నాను. సరేలే అని పెట్టేశాడు.

మేము వదిలేసిన ఆ నేలమీద ఇంకొకరు ఇల్లు కడతారు. వాళ్ళ బిడ్డ గోడ నిండా గీతలు గీస్తుంది, ఎవరూ తుడవరు, ఎక్కడ కావాలంటే అక్కడ మేకులు కొట్టుకుంటారు. ఎన్ని వానలొచ్చినా ఆ ఇంటికి ఏమీ కాకుండా, మేమే పిరికివాళ్ళమై మంచి చోటు పోగొట్టుకున్నామని పదేళ్ళ తర్వాత మా ఆయన నన్ను ఎగతాళి చేస్తే బాగుండును.